పలాస నుంచి కొత్తవలస దాకా: వ్యాపారాలకి ఈథర్నెట్ లైన్ అమ్మడం ఎలా

"మా ఇంట్లో వంద ఎంబీపీఎస్ నెట్ నెలకి ఏడెనిమిది వందలకి వస్తోంది, నువ్వు పదికి ఇన్ని వేలు అడుగుతున్నావేటి బాబూ?"

పలాసలోనైనా బొబ్బిలిలోనైనా లీజ్డ్ లైన్, అంటే ఒక్క కస్టమర్‌కే కేటాయించి ఇచ్చే లైన్, మాట ఎత్తిన ఐదు నిమిషాల్లో మీకు ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి ఎదుటి మనిషికి అర్థమయ్యేలా జవాబు చెప్పగలిగితే సగం అమ్మకం అయిపోయినట్టే. చెప్పలేక "సార్, ఇది ఎంటర్‌ప్రైజ్ గ్రేడ్ సర్వీస్" అని మొదలుపెడితే టీ ఇచ్చి, విజిటింగ్ కార్డు తీసుకుని పంపేస్తారు. నేను పన్నెండేళ్లుగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫ్యాక్టరీలకి, కాలేజీలకి, ఆసుపత్రులకి లైన్లు అమ్ముతున్నాను. టెలికాం కంపెనీల్లో కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లకి, చిన్న ఆపరేటర్ల దగ్గర అమ్మకాలు చూసేవాళ్లకి పనికొస్తుందని నా పద్ధతి వరసగా రాస్తున్నాను.

మొదటి పని: ఆ ప్రశ్నకి జవాబు తయారు చేసుకోండి

ఇంటికి వచ్చే ఫైబర్‌లో ఒక పోగు మీద డౌన్‌లోడ్‌కి సుమారు రెండున్నర గిగాబిట్లు, అప్‌లోడ్‌కి దాంట్లో సగం ఉంటాయి. దాన్ని స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అందరూ ఒకేసారి వాడరు కాబట్టే ఆ ధరకి ఇవ్వగలుగుతున్నారు, అందులో మోసం ఏమీ లేదు, కస్టమర్ దగ్గర దాన్ని తిట్టకండి కూడా. లీజ్డ్ లైన్‌లో పది ఎంబీపీఎస్ అంటే ఆ పదీ ఆ ఒక్క కస్టమర్‌వే, అప్‌లోడ్ కూడా పదే, లైన్ పోతే ఇన్ని గంటల్లో బాగుచేస్తామని కాగితం మీద రాసిస్తాం.

మన వైపు వాళ్లకి చెప్పడానికి నాకు బాగా పనిచేసిన పోలిక ఒకటుంది. ఇంటి నెట్ వంశధార కాలువ నీళ్లలాంటిది, పైవాళ్లు తడుపుకున్నాక శివారు భూమికి ఎంత వస్తే అంత. లీజ్డ్ లైన్ మన పొలంలో మన బోరు. రెండించుల నీళ్లే పడొచ్చు, కానీ ఆ రెండించులూ ఎండాకాలం మధ్యాహ్నమైనా మనవే. ఈ మాట చెప్పాక బొబ్బిలిలో ఒక పెద్దాయన "మరి బోరు మోటారు కాలిపోతే?" అని అడిగారు. నిజానికి అడగాల్సిన ప్రశ్న అదే, దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

ఇంకో ముడి కూడా విప్పుకోండి. ఇంటర్నెట్ లీజ్డ్ లైన్ వేరు, రెండు ఆఫీసుల మధ్య ఈథర్నెట్ లైన్ వేరు. రెండోది ఇంటర్నెట్‌ని అసలు ముట్టుకోదు. విజయనగరంలో మెయిన్ షోరూమ్, శ్రీకాకుళంలో, పలాసలో బ్రాంచీలు ఉన్న బట్టల వ్యాపారికి మూడు చోట్లా ఉన్న కంప్యూటర్లు ఒకే గదిలో ఉన్నట్టు కలిపి ఇస్తాం. దీనికి మెట్రో ఈథర్నెట్ ఫోరం వాళ్లు పేర్లు పెట్టారు: రెండు చోట్ల మధ్య అయితే ఈ-లైన్, అన్ని చోట్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే ఈ-లాన్, బ్రాంచీలన్నీ హెడ్ ఆఫీసుతో మాత్రమే మాట్లాడితే ఈ-ట్రీ. ఈ పేర్లు మీరు నేర్చుకోండి, కస్టమర్ ముందు మాత్రం కాగితం మీద మూడు గళ్లు గీసి గీతలు కలపండి చాలు. మీది ఇంటర్నెట్ లైసెన్స్ ఒక్కటే ఉన్న చిన్న సంస్థ అయితే, ఈ ప్రైవేట్ లైన్లు అమ్మే ముందు లైసెన్స్ షరతులు చదవండి, అవసరమైతే ఆ అనుమతి ఉన్న ఆపరేటర్‌తో కలిసి ఇవ్వండి.

ఈ రెండు రకాల లైన్లనీ ఈథర్నెట్ మీద, అంటే ఆఫీసులో కంప్యూటర్లని కలిపే అదే పద్ధతిలో, ఇస్తాం. అసలు ఈథర్నెట్టే ఎందుకంటే, పాత రోజుల్లో లీజ్డ్ లైన్ అంటే ‘ఈ1’ అనే రకం, అంటే 2.048 ఎంబీపీఎస్. అది చాలకపోతే ఇంకో ఈ1, దానికి ఇంకో మోడెం, రౌటర్‌లో ఇంకో కార్డు, పైన ఎస్‌టీఎం-1 అనే పెద్ద రకం కావాలంటే ఒకేసారి 155 ఎంబీపీఎస్‌కి దూకాలి. ఈథర్నెట్‌లో అదే కేబుల్, అదే పోర్టు, కస్టమర్ దగ్గర ఏ కంప్యూటర్‌కైనా ఉండే అదే సాకెట్, పదిని యాభై చేయాలంటే మన వైపు సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. ఇది అమ్మకానికి చాలా బలమైన మాట, ఎందుకో కింద చెప్తాను.

రెండో పని: ఎవరికి అమ్మాలో మీ ఫైబరే చెప్తుంది

జిల్లా మొత్తం మ్యాప్ పెట్టుకుని కలలు కనకండి. మీ పీఓపీ (మీ పరికరాలు పెట్టి, కస్టమర్లకి లైన్లు తీసే చోటు) ఎక్కడుందో, కేబుల్ ఏ రోడ్డున పోతోందో చూసి, దానికి అరకిలోమీటరు లోపల ఉన్న ప్రతి బోర్డూ రాసుకోండి. బండి మీద తిరిగి రాసుకోవాలి, ఆఫీసులో కూర్చుని రాస్తే సగం దొరకవు. కొత్తగా ఒక కిలోమీటరు కేబుల్ లాగితే అయ్యే ఖర్చు మొదటి ఏడాది లాభాన్ని మింగేస్తుంది, అందుకే రోడ్డు పక్కన ఉన్న చిన్న కస్టమర్ లోపల ఊళ్లో ఉన్న పెద్ద కస్టమర్ కంటే మేలు అయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఒక్కో చోట ఒక్కో రకం. పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలకి అవసరం ఉంటుంది, డబ్బూ ఉంటుంది, కానీ నిర్ణయం సాధారణంగా హైదరాబాద్ హెడ్ ఆఫీసు ఐటీ వాళ్లది. ఇక్కడి ప్లాంట్ మేనేజర్ చేత "ఇక్కడ లైన్‌తో ఇబ్బంది పడుతున్నాం" అని ఒక మెయిల్ రాయించగలిగితే మీ పని సగం తేలికవుతుంది. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఫెర్రో అల్లాయ్స్, టెక్కలి వైపు గ్రానైట్, రాజాం, నెల్లిమర్ల జూట్ మిల్లులు, వీటిలో చాలావాటికి యజమానే ఐటీ, యజమానే కొనుగోలు, ఒకే మీటింగులో తేలిపోతుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆన్‌లైన్ పరీక్షల సెంటర్లు నడిపేవి ఉంటే వాటిని అస్సలు వదలకండి. స్కానింగ్ ఉన్న ఆసుపత్రులు కూడా అంతే, సీటీ స్కాన్ బొమ్మలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న రేడియాలజిస్టుకి పంపుతారు, అక్కడ అప్‌లోడ్ నెమ్మదిగా ఉంటే రోగి బల్ల మీద ఉండగా రిపోర్టు కోసం ఎదురుచూడాలి.

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల గురించి విడిగా చెప్పాలి. బోలెడన్ని ఉన్నాయని చూసి ఆశపడతాం. చాలావాటికి జీఎస్టీ బిల్లులు, వాట్సాప్, నాలుగు కెమెరాలు, అంతకుమించి పని లేదు. అలాంటివాళ్లకి స్టాటిక్ ఐపీతో (మారని నెట్ అడ్రస్‌తో) మంచి బ్రాడ్‌బ్యాండ్, పైన ఒక 4జీ డాంగిల్ బ్యాకప్ చాలు, అదే చెప్పండి. నేను అలా చెప్పి వచ్చిన ఒక చిన్న ఫ్యాక్టరీ ఆయన మూడేళ్ల తర్వాత రెండో యూనిట్ పెట్టి, రెండింటినీ కలిపే లైన్ కోసం తనే ఫోన్ చేశారు.

ఫ్లెక్సీలు, పాంప్లెట్ల మీద డబ్బు పెట్టకండి. ఊళ్లో ఆడిటర్ గారు ఉంటారు, ఒక్కొక్కరు ముప్ఫై నలభై వ్యాపారాల లెక్కలు చూస్తారు, ఎవరి దగ్గర నెట్ లేక రిటర్న్ ఆలస్యమైందో వాళ్లకి తెలుసు. వాళ్ల ఆఫీసుకి మీరు మంచి లైన్ ఇచ్చి, అది పోనప్పుడు, వాళ్లు చెప్పే ఒక్క మాటకి ఏ ప్రకటనా సాటిరాదు.

మూడో పని: మొదటి మీటింగులో వినండి

బ్రోచర్ బ్యాగులోనే ఉంచండి. అడగాల్సినవి ఇవి: చివరిసారి నెట్ ఎప్పుడు పోయింది? ఎంతసేపు? ఆ టైంలో ఏ పని ఆగింది? మొదట ఎవరి ఫోన్ మోగింది? ఈ నాలుగింటికీ జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "ఆ రోజు సాయంత్రం లోడ్ వెళ్లలేదు, లారీ రాత్రంతా గేటు దగ్గరే ఉంది, డ్రైవర్‌కి హాల్టింగ్ కట్టాం" అని ఆయనే చెప్పాక, మీ ధర ఎక్కువా తక్కువా అన్నది ఆయన ఆ రాత్రితో పోల్చుకుని తేల్చుకుంటారు.

ఇక్కడ నిజాయితీగా ఉండాల్సిన చోటు ఒకటుంది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కావాలి, టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్ కూడా తప్పనిసరి, రెండూ నెట్ లేకపోతే రావు. కొత్త సేల్స్ కుర్రాళ్లు దీన్ని పట్టుకుని భయపెడతారు. కానీ ఆ రెండూ ఫోన్ హాట్‌స్పాట్‌తో కూడా తీయొచ్చు, అకౌంటెంట్‌కి ఆ సంగతి మీకంటే బాగా తెలుసు. నిజంగా ఆగేది హైదరాబాద్‌లో సర్వర్ ఉన్న ఈఆర్‌పీ (కంపెనీ లెక్కలు, సరుకు, కొనుగోళ్లు అన్నీ ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్), దానికి కలిపిన కాటా, హాజరు మెషిన్లు, ముప్ఫై మంది ఒకేసారి చేసే పని. దాని గురించి మాట్లాడండి.

చాలా కంపెనీల్లో కంప్యూటర్లు చూసే ఒక అబ్బాయి ఉంటాడు, జీతం తక్కువ, తిట్లు ఎక్కువ. అతన్ని దాటి నేరుగా యజమాని దగ్గరికి వెళ్తే రేపు లైన్ పెట్టే రోజున స్విచ్ పోర్టు కూడా ఇవ్వడు. ముందు అతనితో కూర్చోండి, అతని ఇబ్బందులు అడగండి, ప్రపోజల్ అతనికి చూపించాకే పైకి పంపండి. లైన్ బాగుంటే అందరికంటే ముందు టెన్షన్ తగ్గేది అతనికే.

నాలుగో పని, అన్నిటికంటే ముఖ్యమైనది: ధర చెప్పే ముందు దారి నడవండి

ఫీజిబిలిటీ, అంటే అక్కడికి లైన్ ఇవ్వగలమా, అని మీ ఆఫీసుకి మెయిల్ పెడితే రెండు రోజుల్లో "ఫీజిబుల్" అని జవాబు వస్తుంది, దాన్ని నమ్మి డేట్ ఇచ్చేయకండి. పీఓపీ నుంచి కస్టమర్ గేటు దాకా మీరే వెళ్లండి. మధ్యలో రైలు పట్టాలు ఉన్నాయా? మన రెండు జిల్లాల్ని చెన్నై–హౌరా లైను పొడుగునా కోస్తూ పోతుంది, పట్టాల కింద నుంచి కేబుల్ దాటించాలంటే రైల్వే అనుమతి కావాలి, అది మీ చేతిలో ఉండే పని కాదు. 16వ నంబర్ జాతీయ రహదారి దాటాలంటే అక్కడా అంతే. మున్సిపాలిటీ రోడ్డు తవ్వాలంటే వేరే దరఖాస్తు. ఇవన్నీ చూడకుండా పది రోజుల్లో ఇస్తానని మాటిచ్చి మూడు నెలలు తిరిగినవాళ్లని ఆ ఊళ్లో ఇంకెవరూ నమ్మరు. నలభై ఐదు రోజులు పడుతుందనుకుంటే అరవై చెప్పండి, యాభైలో ఇవ్వండి.

కేబుల్ స్తంభాల మీద పోతుందా, భూమిలోనా అన్నది కూడా చూడండి. స్తంభాల మీద అయితే తొందరగా, చవగ్గా అవుతుంది. కానీ మనది తుఫానుల దారి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఈ రెండూ చూసినవాళ్లకి స్తంభాలు ఎలా వరసగా పడిపోయాయో చెప్పక్కర్లేదు. భూమిలో అయితే గాలి భయం ఉండదు, జేసీబీ భయం ఉంటుంది. ఏది ఇస్తున్నారో, దానిలో ఉన్న ప్రమాదం ఏంటో కస్టమర్‌కి ముందే చెప్పండి.

బ్యాకప్ సంగతి ఇక్కడే తేల్చాలి, నేను దీన్ని కష్టపడి నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం హైవే పక్కనున్న ఒక ఫ్యాక్టరీకి మెయిన్ లైన్ మాది, బ్యాకప్ వేరే కంపెనీది పెట్టించాను. రెండు వేర్వేరు కంపెనీలు కదా, ఇక నిశ్చింత అనుకున్నాను. రోడ్డు పనుల్లో జేసీబీ ఒకే కల్వర్టు దగ్గర ఒకే తవ్వుతో రెండు కేబుళ్లనీ తెంపేసింది. రెండూ అదే కల్వర్టు మీదుగా వచ్చాయని నేను చూసుకోలేదు. "రెండు బిల్లులు కడుతున్నాను కదయ్యా" అని ఆ మేనేజర్ అన్న మాటకి నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి బ్యాకప్ లైన్ దారి కూడా నేనే నడుస్తాను. వేరే రోడ్డు నుంచి రావాలి, కుదరకపోతే టవర్ నుంచి రేడియో లింక్ ఇవ్వాలి. బోరు మోటారు కాలిపోతే ఏంటన్న పెద్దాయన ప్రశ్నకి జవాబు ఈ రెండో దారే.

ఐదో పని: ఎంత స్పీడ్ అమ్మాలి

ఎక్కువ అమ్మాలని చూడకండి. లెక్క వేసి చూపించండి. 16 కెమెరాల వీడియో హెడ్ ఆఫీసుకి నిరంతరం వెళ్లాలంటే, ఒక్కోటి 2 ఎంబీపీఎస్ అనుకున్నా 32 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి. కెమెరాలు ఇక్కడే రికార్డ్ అయి, అవసరమైనప్పుడే చూస్తారంటే అందులో నాలుగో వంతు చాలు. అకౌంట్స్, ఈఆర్‌పీకి అనుకున్నదానికంటే తక్కువే పడుతుంది. ఇలా కాగితం మీద కూడికలు వేస్తే, మీరు వస్తువు అంటగట్టడానికి రాలేదని వాళ్లకి తెలుస్తుంది.

ఈథర్నెట్‌లో పోర్టు మార్చకుండా స్పీడ్ మార్చొచ్చని పైన అన్నాను కదా, దాన్ని ఇక్కడ వాడండి. పరీక్షల సెంటర్‌కి ఏడాది పొడుగునా వంద ఎంబీపీఎస్ అమ్మడం అన్యాయం. మామూలు రోజుల్లో ఇరవై, పరీక్షలున్న నెలలో వంద, ఆ నెలకి మాత్రమే తేడా డబ్బులు, అని ఒప్పందం రాయండి. మీ బిల్లింగ్ వాళ్లు కుదరదంటారు, వాళ్లతో పోట్లాడైనా ఒప్పించండి, ఇలాంటి కస్టమర్ ఎక్కడికీ పోడు.

హామీ ఇచ్చే స్పీడ్ ఎంత, ఖాళీ ఉన్నప్పుడు దానిమీద అదనంగా ఎంత వరకు వెళ్లొచ్చు, ఈ రెండూ విడివిడిగా రాయండి. రెండింటినీ కలిపేసి "50 ఎంబీపీఎస్ వరకు" అని రాస్తే తర్వాత గొడవ మీకే.

ఆరో పని: ఎస్ఎల్ఏని గంటల్లోకి మార్చి చెప్పండి

ఎస్ఎల్ఏ అంటే నెలలో ఎంత శాతం టైం లైన్ ఉంటుందో, పోతే ఎన్ని గంటల్లో బాగుచేస్తామో రాసిచ్చే హామీ. 99.5 శాతం అంటే చాలామందికి అంతా బాగున్నట్టే వినిపిస్తుంది. 30 రోజుల నెలలో అది 3 గంటల 36 నిమిషాలు లైన్ లేకపోవడం. 99.9 అంటే 43 నిమిషాలు. 99.99 అంటే నాలుగు నిమిషాల పైచిలుకు. ఈ మూడూ పక్కపక్కన రాసి చూపించండి.

తర్వాత మీ స్ప్లైసింగ్ టీమ్ (తెగిన ఫైబర్‌ని అతికేవాళ్లు) ఎక్కడుంటుందో మీరే ఆలోచించుకోండి. టీమ్ విశాఖలో ఉంటే ఇచ్ఛాపురం చేరడానికే నాలుగు గంటల దాకా పడుతుంది, అక్కడ తెగిన చోటు వెతకాలి, వర్షంలో అతుకు వేయాలి. ఆ కస్టమర్‌కి నాలుగు గంటల్లో బాగుచేస్తామని రాసిస్తే అది అబద్ధం. నిజంగా ఇవ్వగలిగేది ఎనిమిది గంటలైతే ఎనిమిదే రాయండి, లేదా శ్రీకాకుళంలోనో పలాసలోనో ఒక టీమ్ పెట్టమని మీ మేనేజర్ వెంటపడండి. మన జిల్లాల్లో పోటీలో గెలిపించేది ఆ టీమే. ధర అందరూ తగ్గించగలరు, రాత్రి పదకొండింటికి మెషిన్ పట్టుకుని కాశీబుగ్గలో దిగగలిగేవాళ్లు తక్కువ.

లైన్ పోతే డబ్బు వెనక్కి ఇస్తామన్నది కూడా లెక్క వేసి చెప్పండి. నెలకి 20,000 కట్టే లైన్ ఒక రోజంతా పోతే వెనక్కి వచ్చేది సుమారు 667 రూపాయలు. ఒక రోజు పని ఆగితే ఆయనకి పోయేది దానికి ఎన్నో రెట్లు. ఈ సంగతి మీరే ముందు చెప్తే, రెండో దారి ఎందుకు కావాలో వేరే వివరించక్కర్లేదు.

ఏడో పని: ప్రపోజల్, ట్రయల్

ఒక్క పేజీ చాలు. యజమాని తెలుగు చదివే మనిషైతే తెలుగులోనే ఇవ్వండి. స్పీడ్ రెండు వైపులా ఎంత, మొదట ఒకసారి కట్టేది ఎంత, ఏడాదికి ఎంత, 18 శాతం జీఎస్టీ విడిగా, ఎన్ని రోజుల్లో ఇస్తాం, ఎంతకాలం కట్టుబడి ఉండాలి, లైన్ పోతే ఎవరి నంబరుకి ఫోన్ చేయాలి, అంతే. జీఎస్టీలో రిజిస్టరైన వ్యాపారం ఆ పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు కాబట్టి పోల్చేటప్పుడు పన్ను లేని ధరే చూడమనండి.

బేరం తప్పదు. ధర తగ్గించే బదులు, కేబుల్ దగ్గర్లో ఉంటే, పదిహేను రోజులు ట్రయల్ పెట్టండి. మంచి లైన్ మీద రెండు వారాలు పనిచేశాక పాతదానికి వెనక్కి వెళ్లడం ఆఫీసులో ఎవరికీ ఇష్టం ఉండదు.

ఎనిమిదో పని: లైన్ పెట్టే రోజు

స్పీడ్ టెస్ట్ వెబ్‌సైట్ చూపించి సంతకం పెట్టించుకోకండి. మీ రౌటర్ నుంచి కస్టమర్ పోర్టు దాకా ఈథర్నెట్ టెస్ట్ చేసి, స్పీడ్, ఆలస్యం, పోయిన ప్యాకెట్లు ఉన్న రిపోర్టు ప్రింటు తీసి ఇవ్వండి. కాంతి ఫైబర్‌లో కిలోమీటరుకి సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, కాబట్టి విజయనగరం నుంచి శ్రీకాకుళానికి పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైం) ఇరవై మిల్లీసెకన్లు వస్తోందంటే ట్రాఫిక్ ఎక్కడో హైదరాబాదో చెన్నైయో తిరిగి వస్తున్నట్టు. అది సరిచేశాకే అప్పగించండి.

ఆదివారం రాత్రి మార్చండి, పాత లైన్ రెండు వారాలు ఉంచమని చెప్పండి. విజయనగరంలో దసరా తర్వాత మంగళవారం సిరిమానోత్సవం, ఆ వారం షోరూముల్లో ఎవరినీ కదపకండి, ఊళ్లోకి మీ బండి కూడా రాదు. మన పరికరాన్ని యూపీఎస్ మీద పెట్టించండి, అడాప్టర్ మీద "తీయొద్దు" అని తెలుగులో స్టిక్కర్ అంటించండి. నాకు వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఎవరో ఫోన్ చార్జింగ్ కోసం ఆ ప్లగ్ పీకడమే.

తర్వాత

లైన్ పోయినట్టు కస్టమర్ కంటే ముందు మీకు తెలియాలి. తెలిసిన పది నిమిషాల్లో ఇలా ఒక మెసేజ్ వెళ్లాలి: "10:20కి రణస్థలం దగ్గర కేబుల్ తెగింది. మీ ట్రాఫిక్ బ్యాకప్ మీదకి మారింది. టీమ్ 11:30కి చేరుతుంది. మళ్లీ 12కి చెప్తాను." పన్నెండుకి చెప్పడానికి ఏమీ లేకపోయినా, ఏమీ లేదని చెప్పడానికైనా ఫోన్ చేయండి.

నెలకోసారి వాడకం గ్రాఫ్ ప్రింటు తీసుకుని వెళ్లి ఆ కంప్యూటర్ల అబ్బాయితో కూర్చోండి. గ్రాఫ్ రోజూ పగటిపూట ఎనభై శాతం దాటుతుంటే స్పీడ్ పెంచమని అడగండి. ముప్ఫై దాటకపోతే, వచ్చే రెన్యువల్‌కి తగ్గించుకోమని మీరే చెప్పండి.